పడవ కోసం కాలవా?

ఆదివారం రాత్రి పది దాటితే గానీ మా ఇంట్లో దీపాలు ఆర్పరు. ఇంగ్లండులో ఉంటున్న మా చెల్లెలు ఫోన్ చేసే వేళ అది. ఎండాకాలంలో మనకు రాత్రి పదయితే వాళ్లకు సాయంత్రం అయిదున్నర. అమ్మ ముందే వచ్చి మంచం మీద కూర్చుంటుంది. నాయన మాత్రం తనకేమీ పట్టనట్టు అరుగు మీదే ఉంటాడు. ఫోన్ మోగగానే అందరికంటే ముందు లోపలికి వచ్చేది ఆయనే.

ఆ రోజు ఫోన్లో చెల్లెలి ముఖం కన్నా ముందు నీళ్లు కనిపించాయి. పచ్చటి గట్ల మధ్య, ఇంటి ముందు వీధంత వెడల్పున్న కాలువ. దాంట్లో రైలు పెట్టెలా పొడుగ్గా, సన్నగా ఒక పడవ. పడవ వెనక నిలబడి మా బావ చుక్కాని పట్టుకున్నాడు. పిల్లలిద్దరూ పైన కూర్చుని కాళ్లూపుతున్నారు. పొద్దున తొమ్మిదింటికి అద్దెకు తీసుకున్నారట. సాయంత్రం దాకా తిరిగితే మొత్తం కలిపి పది మైళ్లు కూడా పోలేదట.

'పది మైళ్లకు పొద్దంతానా? నడిచిపోయినా అంతే గదే!' అంది అమ్మ.

'దాని కోసమే ఎక్కేదమ్మా' అని నవ్వింది చెల్లెలు.

నాయన అంతసేపూ కళ్లు చికిలించి నీళ్లనే చూస్తున్నాడు. చివరికి అడిగాడు: 'ఆ కాలవ ఏ ఊరి పొలాలకు పారతది పాపా?'

'ఏ పొలానికీ పారదు నాయనా. పడవలు తిరగడానికే తవ్వారు.'

'పడవ కోసం కాలవా?'

ఆ మాట అని ఆయన మళ్లీ అరుగు మీదికి వెళ్లిపోయాడు. చెల్లెలు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. యర్రగొండపాలెంలో డెబ్బై ఏళ్లు బతికిన రైతు అడిగిన ప్రశ్న అది. మా వైపు పెద్ద నీళ్లంటే కంభం చెరువు. కాలువ అంటే ఎన్నికలప్పుడు వినిపించే మాట. నాలుగు బోర్లు వేస్తే ఒకటి పడుతుంది, అది కూడా రెండేళ్లకు ఎండుతుంది. వేసవిలో ట్యాంకరు హారన్ వినబడితే చేస్తున్న పని వదిలి బిందెలతో పరిగెత్తిన ఊరు మాది.

లక్ష లీటర్ల లాకు

ఆ పడవల సంగతి తెలుసుకుందామని తర్వాత రోజుల్లో చెల్లెలిని వివరంగా అడిగాను. నేనూ కొంత చదివాను.

ఆ పడవల వెడల్పు ఏడడుగుల లోపే. పొడవు మాత్రం డెబ్బై అడుగుల దాకా ఉంటుంది. అక్కడి కాలువల్లో లాకులు అంతే వెడల్పున కట్టారు కాబట్టి, పడవలు కూడా ఆ కొలతకే వచ్చాయి. గంటకు నాలుగు మైళ్లకు మించి పోకూడదు. గట్టున కట్టేసి ఉన్న పడవల పక్క నుంచి వెళ్తే ఇంకా నెమ్మదించాలి. లేకపోతే అల తగిలి వాళ్ల టీ ఒలికిపోతుంది! ఒక్క రోజుకు అద్దెకు తీసుకునేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు. పడవ ఇచ్చేవాళ్లే కాసేపు నేర్పిస్తారు. చుక్కానిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. మా బావ మొదటి గంటలో రెండుసార్లు గట్టును గుద్దాడట.

అన్నింటికంటే పిల్లలకు నచ్చింది లాకులు. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట మెట్టులాంటి ఏర్పాటు అది. రెండు పక్కలా రాతి గోడలు, ముందొక జత తలుపులు, వెనకొక జత. పడవను లోపలికి తెచ్చి వెనక తలుపులు మూస్తారు. పెద్ద మరతాళం చెవిలాంటి కడ్డీతో తిప్పి తూములు ఎత్తుతారు. నీళ్లు కిందికి పోతుంటే పడవ లిఫ్టులో దిగినట్టు దిగుతుంది. నీటి మట్టం రెండు వైపులా సమానం అయ్యాక గానీ తలుపు కదలదు. ఎంత బలవంతుడు తోసినా అంతే. సమానం అయ్యాక మా పదేళ్ల మేనకోడలు కూడా వీపు ఆనించి తోసేసింది.

ఇది చెప్పినప్పుడు నాయన మళ్లీ లెక్కలోకి దిగాడు. 'ఒక్కసారి పడవ దిగడానికి ఎన్ని నీళ్లు పోతాయి?'

చెల్లెలు చూసి చెప్పింది. లక్ష లీటర్ల పైమాటే.

'అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై' అన్నాడు నాయన. ఆయన నీళ్లను అలాగే కొలుస్తాడు. మేమందరం అంతే.

ఇంగ్లండులో ఈ కాలువలు విహారం కోసం పుట్టినవి కావు. 1761లో మాంచెస్టర్‌కు బొగ్గు తేవడానికి బ్రిడ్జ్‌వాటర్ కాలువ తెరిచారు. జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు పని అది. ఆ దెబ్బకు మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడిపోయిందని చెబుతారు. ఆ తర్వాత దేశమంతా కాలువలు తవ్వుకున్నారు. గట్టు మీద గుర్రం తాడు కట్టి లాగితే బండి మోయలేనంత బరువు నీటి మీద తేలిగ్గా కదిలేది. పడవవాళ్లు పెళ్లాం పిల్లలతో అందులోనే కాపురం ఉండేవారు. కొండ అడ్డొస్తే సొరంగం తవ్వారు. చాలా సొరంగాల్లో గుర్రానికి దారి ఉండేది కాదు. మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడల మీద కాళ్లతో నడుస్తూ పడవను తోసేవారు.

తర్వాత రైళ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, మిగిలిన సరుకు పడవలు కూడా దాదాపు ఆగిపోయాయి. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కాలువలు పూడ్చి రోడ్లు వేసుకోవాలి. కొన్నిచోట్ల అలాగే చేశారు కూడా. కానీ టామ్ రోల్ట్ అనే ఆయన పాత పడవను ఇల్లుగా మార్చుకుని కాలువల మీద తిరిగి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. అది చదివి వెతుక్కుంటూ వచ్చిన రాబర్ట్ ఏక్‌మన్‌తో పాటు మరికొందరు కలిసి 1946లో కాలువల కోసం ఒక సంఘం పెట్టారు. మూసేయబోయిన స్ట్రాట్‌ఫర్డ్ కాలువను వలంటీర్లు బురదలో దిగి బాగు చేసుకుని 1964లో మళ్లీ తెరిపించారు. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో రెండు వేల మైళ్ల జలమార్గాలను 2012 నుంచి ఒక ధర్మసంస్థ చూసుకుంటోంది.

అక్కడా నీళ్లు ఊరికే రావు. 2025లో వానలు ముఖం చాటేస్తే చాలాచోట్ల లాకులకు తాళాలు వేశారు. పడవలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ మాట విన్నాక నాయనకు ఆ దేశం మీద కొంచెం సానుభూతి కలిగింది.

'మన జిల్లాలో లేదా ఏంది?'

ఒక రోజు పొద్దున్నే నాయన అడిగాడు. 'సముద్రం పక్కన మనకీ పడవలు తిరిగే కాలవ ఉందంటారు గదరా. మన జిల్లాలోనే. నువ్వు పేపర్లో పనిచేస్తావు, నీకు తెలీదా?'

తెలుసు. బకింగ్‌హాం కాలువ. చినగంజాం దగ్గర పెదగంజాంలో మొదలై చెన్నై దాటి మరక్కాణం దాకా పోతుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊళ్లు బాపట్లలో కలిశాయి. నాయనకు మాత్రం అది ఇప్పటికీ మన జిల్లానే.

పడవ అనగానే అమ్మ అడ్డం పడింది. కారణం ఉంది. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు వాళ్లే. కార్తీకమాసంలో వనభోజనాలకని వెళ్లినవాళ్లు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిందీ తెలిసిందే. మన దగ్గర పడవ విహారం అంటే అందాల రాముడు, గోదావరి సినిమాలు ఎంత గుర్తుకొస్తాయో, ఈ రెండు తేదీలూ అంతే గుర్తుకొస్తాయి. లైఫ్ జాకెట్లు వేసుకుంటామని, నడుం లోతు కంటే ఎక్కువ ఉన్నచోటికి పోమని ఒట్టు పెట్టాక ఒప్పుకుంది. పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ మూటకట్టి ఇచ్చింది.

తెల్లారుజామున బయల్దేరి మార్కాపురం, పొదిలి, ఒంగోలు మీదుగా చేరుకున్నాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక మత్స్యకారుడిని ముందే మాట్లాడి పెట్టుకున్నాను. నలభై అయిదేళ్లుంటాయి. చిన్న ఇంజిను బిగించిన ఫైబర్ పడవ. 'ఏం చూస్తారు సార్ ఇక్కడ? ఏముందని?' అని ఒకటికి రెండుసార్లు అడిగాడు.

'కాలవ చూస్తాం తమ్ముడూ' అన్నాడు నాయన.

ఉప్పు నీళ్లు, మంచి నీళ్లు

పెదగంజాం ప్రత్యేకత ఏమిటంటే, రెండు కాలువలు కలిసే చోటు అది. ఉత్తరం నుంచి వచ్చేది కొమ్మమూరు కాలువ. విజయవాడ ఎదురుగా సీతానగరం దగ్గర కృష్ణ నీళ్లు తీసుకుని, దుగ్గిరాల మీదుగా 113 కిలోమీటర్లు వస్తుంది. దక్షిణానికి పోయేది బకింగ్‌హాం. ఇక్కడి నుంచి చెన్నై 316 కిలోమీటర్లు. మొదటిది పొలాలకూ పడవలకూ కలిపి ఉద్దేశించిన కాలువ. రెండోది సముద్రపు పోటుపాట్లకు పెరిగి తగ్గే ఉప్పునీటి కాలువ. అది ఒక్క సెంటు భూమినీ తడపదు.

అంటే 'పడవ కోసం కాలవ' మా పాత జిల్లాలోనే ఉంది. నాయన ఆ మాట విని వెంటనే నమ్మలేదు. పడవ ఎక్కగానే వంగి, వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మొహం చిట్లించాడు.

'నిజమే. ఉప్పు.'

ఒకప్పుడు దీని హోదా వేరు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ డెల్టా కాలువలను సాగుకే కాదు, పడవలకు కూడా పనికొచ్చేలా లాకులతో కట్టించారు. రైళ్ల కంటే నీటిదారి చవకని సర్ ఆర్థర్ కాటన్ జీవితమంతా వాదించాడు. కాకినాడ కాలువలో ఎక్కితే ధవళేశ్వరం, అక్కడ గోదావరి దాటి ఏలూరు కాలువలో విజయవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు, పెదగంజాంలో బకింగ్‌హాం. బియ్యం, ఉప్పు, వంటచెరకు ఈ దారినే మద్రాసు చేరేవి. రైలు ఎక్కకుండా, సముద్రంలోకి దిగకుండా!

ప్రయాణికులకు రహదారి పడవలు ఉండేవి. సాయంత్రం అన్నం తిని ఎక్కి, లాంతరు వెలుగులో కబుర్లు చెప్పుకుని నిద్రపోతే తెల్లారేసరికి వేరే ఊరు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ చాలకపోతే గట్టు మీద మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఇంగ్లండులో గుర్రం చేసిన పని ఇక్కడ మనిషి చేశాడు. లాకుల దగ్గర పడవ ఆగితే ఆ కాసేపట్లో అక్కడొక చిన్న సంత. ఇవాళ్టికీ కృష్ణా, గోదావరి జిల్లాల్లో 'ఫలానా లాకుల దగ్గర దిగండి' అంటారు. పడవలు పోయినా ఊరి గుర్తుగా ఆ పేరు మిగిలింది.

విజయవాడ నుంచి మద్రాసుకు రైలుమార్గం 1899లో పూర్తయింది. అది దాదాపు ఈ కాలువ పక్కనే పోతుంది. ఆ తర్వాత పడవ ఎవరెక్కుతారు? అయినా మరో అరవై ఏళ్లకు పైగా ఎలాగో లాక్కొచ్చింది. 1965-66 తుపాన్లకు బాగా దెబ్బతిన్నాక మళ్లీ తేరుకోలేదు.

గంటకు నాలుగు మైళ్లు

మా పడవ కదిలింది. ఇంజిను చప్పుడు తప్ప ఏమీ లేదు. పూడిక ఉన్నచోట ఇంజిను ఆపి గెడ వేసి నెడుతున్నాడు. అప్పుడు ఆ చప్పుడు కూడా లేదు. ఒక పక్క తాటిచెట్లు, సరుగుడు తోటలు. ఇంకో పక్క రొయ్యల చెరువులు. గట్టు పొడుగునా ముళ్ల చిల్లచెట్లు. 'ఇది ఈడికీ వచ్చిందా!' అన్నాడు నాయన, బంధువును చూసినట్టు. మా ఊళ్లో ఎండిన చేలన్నీ ఆ చెట్లవే.

మొదటి అరగంట నేను ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత చూడాలనిపించలేదు. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంటే, మేం దాని దగ్గరికి చేరడానికి అయిదు నిమిషాలు పట్టింది. దాటిపోవడానికి మరో అయిదు నిమిషాలు. బస్సులో అయితే కొంగ ఉందని కూడా తెలిసేది కాదు. గట్టు మీద సైకిలు తొక్కుతూ ఒక కుర్రాడు మమ్మల్ని దాటిపోయాడు. మేక పిల్లలు కాసేపు మాతో పోటీపడి, విసుగొచ్చి ఆగిపోయాయి.

ఈ నెమ్మదిలో నాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. బస్సులో మూడు గంటల పాటు పక్కనే కూర్చున్నా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. ఇక్కడ తన చిన్నప్పటి సంగతులు చెప్పాడు. ఎద్దుల బండ్ల మీద ఉప్పు మా ఊరికి వచ్చేదట. వడ్లో జొన్నలో పోసి, మానికతో ఉప్పు కొలిపించుకునేవారట. 'చినగంజాం ఉప్పు, చినగంజాం ఉప్పు' అని అరిచేవాళ్లట. ఆ చినగంజాం ఉప్పుమళ్లు కుడి పక్కన కనబడినప్పుడు ఆయన లేచి నిలబడబోతే పడవ ఊగింది. పడవాయన గదిమాడు. ఎండలో తెల్లటి కుప్పలు మెరుస్తున్నాయి. 'మన ఇంట్లో ఊరగాయ జాడీలన్నీ ఈడ పుట్టినయ్యే' అన్నాడు కూర్చుంటూ.

పడవాయన కూడా మాటల్లో పడ్డాడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు సముద్రం లోపలికి తోసుకొచ్చి ఈ కాలువలోకి దూకిందట. కాలువ నిండింది, కాసేపటికి ఆ నీళ్లు మళ్లీ వెనక్కి తీశాయి. తీరం పొడవునా చాలాచోట్ల ఈ కాలువ అలా కందకంలా అడ్డుపడి, వెనక ఉన్న ఊళ్లను కాచిందని తర్వాత పరిశీలించినవాళ్లూ చెప్పారు. నూటపాతికేళ్ల కిందటి పడవల దారి ఆ రోజు ఇంకో పనికి వచ్చింది.

మధ్యాహ్నం ఒక తాటిచెట్టు నీడన పడవ కట్టేశాం. పెరుగన్నం ముగ్గురం పంచుకున్నాం. పడవాయన తన క్యారేజీలోంచి ఎండుచేపల పులుసు పెట్టాడు.

కరువు పని

అన్నం తింటూ నాయనకు ఈ కాలువ పుట్టుక చెప్పాను. 1806లో మద్రాసు దగ్గర ఒక చిన్న కాలువగా మొదలైంది. తర్వాత అంచెలంచెలుగా పెరుగుతూ ఇంత దూరం వచ్చింది. 1876-78లో మద్రాసు రాష్ట్రంలో ఘోరమైన కరువు. మన పెద్దలు ధాత కరువు అనేవారే, అదే. ఆ కరువులో పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ల చేత మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలిపే ఎనిమిది కిలోమీటర్ల ముక్కను తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూక్. ఆయన పేరే కాలువకు స్థిరపడింది.

కరువు పనుల్లో రోజంతా మట్టి మోసిన మగవాడికి 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కంటే తక్కువ. ఆ కరువులో మరీ దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1970 దాకా మా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలోనే ఉండేది.

నాయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. 'అంటే కరువు పని' అన్నాడు.

మా వైపు ఉపాధి హామీ పథకం వచ్చి ఎన్నేళ్లయినా, దాని అసలు పేరు ఎవరూ పలకరు. 'కరువు పనికి పోతన్నా' అంటారు. నూట యాభై ఏళ్ల కిందటి మాట అలాగే నిలిచి ఉంది. ఎవరి పేరు కాలువకు పెట్టారో చెప్పాను గానీ, ఎవరు తవ్వారో వాళ్ల పేర్లు నేను చెప్పలేకపోయాను. నాయన అడిగింది అదే.

ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆకు కడిగిన నీళ్లు కూడా నెమ్మదిగా వంపాడు.

కాగితం మీద జలమార్గం

2008 నవంబరులో ఈ కాలువలన్నింటినీ గోదావరి, కృష్ణలలో కొంత భాగంతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. మొత్తం 1,078 కిలోమీటర్లు. 2016లో చట్టం మార్చి ఇంకా పెంచారు. 2017లో కృష్ణా నదిలో ముక్త్యాల, విజయవాడల మధ్య పనులు మొదలుపెట్టారు. కాలువల భాగంలో మాత్రం సరుకు పడవలు తిరగలేదు. పూడిక తీయాలి, పాడైన లాకులు మళ్లీ కట్టాలి, పడవ తల తగిలేంత కిందికి ఉన్న వంతెనలు ఎత్తాలి. చెన్నైలో అయితే లోకల్ రైలు స్తంభాలు కాలువ కడుపులోనే దిగాయి. విజయవాడలో ఊరి మధ్య నుంచి పారే మూడు కాలువల్లోకి ఏమేం చేరతాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండువాళ్లు మనకంటే కాలువలను ఎక్కువ ప్రేమించారని నేననను. వాళ్లూ వదిలేశారు. కానీ సరుకు ఆగినా, కాలువకు మనుషులు రావడం ఆగకుండా చూసుకున్నారు. పడవ నడిపేవాడు, గట్టున నడిచేవాడు, గాలం వేసేవాడు రోజూ చూస్తుంటే కాలువలో చెత్త పోయడానికి చెయ్యి రాదు. మనకు కాలువ అంటే పొలానికి నీళ్లు తెచ్చేది, లేదంటే ఇంట్లో మురుగు తీసుకుపోయేది. మధ్యలో దాని ఒడ్డున ఒక పూట కూర్చోవచ్చన్న సంగతి మరిచిపోయాం. డెల్టావాళ్లు మరిచిపోయారు. మాకు గుర్తుపెట్టుకోవడానికి కాలువే లేదు.

ఇంటికి తిరుగుదారి

సాయంత్రం బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. పొదిలి దాటాక చేల రంగు మారింది. మార్కాపురం దాటాక ఆయన అడిగాడు. 'ఆళ్ల సొరంగం ఎంత పొడుగుందన్నావు?'

ఇంగ్లండు కాలువల సొరంగాల్లోకెల్లా పెద్దది స్టాండెజ్. అయిదు కిలోమీటర్ల పైచిలుకు. 1794లో మొదలుపెట్టి 1811లో తెరిచారు. ఇప్పటి యంత్రాల్లేని కాలంలో పదిహేడేళ్లు.

'మనది పద్దెనిమిదిన్నర దాటుద్ది' అన్నాడు నాయన. ఆ గొంతులో గర్వం ఉందో, ఇంకేమైనా ఉందో చెప్పలేను.

ఆయన చెప్పింది వెలిగొండ సంగతి. మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కొండల కింద జంట సొరంగాలు, ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. వరద రోజుల్లో 43.5 టీఎంసీలు తెచ్చి కొండల నడుమ నల్లమల సాగర్‌లో నింపాలని, 4.47 లక్షల ఎకరాలకు, పదిహేను లక్షల మందికి తాగడానికి ఇవ్వాలని లెక్క. మా వైపు వచ్చే పాయ తీగలేరు కాలువ. 1996లో శంకుస్థాపన. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ తర్వాత కూడా కాలువ పనులు, ముంపు గ్రామాలవాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం, పునరావాసం మిగిలే ఉన్నాయి. ఆ ఊళ్లవాళ్లు మా కోసం ఇళ్లూ పొలాలూ వదులుకోవాలి. నీళ్ల కోసం ఎదురుచూసేవాళ్లు వాళ్ల బాకీ మరిచిపోకూడదు.

శంకుస్థాపన నాటికి నాయనకు నలభై ఏళ్లు. ఆ ఏడు పుట్టిన మా చెల్లెలు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. కృష్ణ మా మండలం పక్క కొండల్లోనే ప్రవహిస్తుంది. ఆ కృష్ణ నీళ్లు కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా పోవడం ఆ రోజు పొద్దున కళ్లారా చూసి వచ్చాం. మా ఊరు చేరేసరికి రాత్రి పదయింది. వీధి చివర ట్యాంకు దగ్గర ఖాళీ బిందెలు అప్పటికే వరసలో ఉన్నాయి, మర్నాటి కోసం.

తర్వాతి ఆదివారం చెల్లెలు ఫోన్ చేసింది. అమ్మ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది, తనే పడవెక్కినట్టు.

'ఎట్లుంది నాయనా మన పడవ?' అని అడిగింది చెల్లెలు.

'బాగుంది పాపా. పొద్దంతా కూర్చున్నా. కాళ్లు నొప్పుల్లేవు. మీ అన్న కూడా నాలుగు మాటలు మాట్లాడినాడు.'

నేనేదో అనబోయాను. ఆయన ఆపలేదు. 'మనకీ తీగలేరు కాలవలో నీళ్లొచ్చినాక చెప్తా. అప్పుడు పిల్లల్ని తీసుకొని రా.'

'పడవ కూడా వేద్దామా నాయనా అందులో?' చెల్లెలు నవ్వుతూ అడిగింది.

నాయన నవ్వలేదు. నిజంగానే ఆలోచించాడు. రైతు కదా, ఏ నీళ్లు ఎంత దూరం వస్తాయో మనసులో పారించి చూసుకున్నాడు.

'ముందు తాగను రావాలి. ఆ తర్వాత చేలో పారాలి. ఇంకా మిగిల్తే అప్పుడు పడవ సంగతి చూద్దాం' అన్నాడు.